బోర్లించిన గరిటె

ఆ ఇంట్లో ఆమె పేరు హడావిడి. ఆ పేరు పెట్టింది మామగారు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆయనకు కాఫీ ఇచ్చి, ఆయన రెండో గుక్క మింగేలోపే కప్పు లాక్కెళ్ళి కడిగేసిందట. "అమ్మా హడావిడీ, కప్పుతో పాటు నన్ను కూడా కడిగి బోర్లించేలా ఉన్నావే!" అన్నాడాయన. ఇల్లంతా నవ్వింది. నవ్వు ఆ పూటతో ఆగింది గానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. అసలు పేరు ఇప్పుడు బ్యాంకు వాళ్ళకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

పేరు ఊరికే రాలేదు లెండి. వీధి చివర బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుమిషను మీద ఆమె పని. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయాలి, ఒళ్ళు చేసినవాళ్ళ కోట్లు వదులు చేయాలి, పళ్ళూడిన జిప్పులు పీకి కొత్తవి వేయాలి. నోట్లో గుండుసూదులు ఉండగానే మాట్లాడేస్తుంది, చూసేవాళ్ళకే భయం. పనితనం మంచిదే, కుట్టు తీరుగా వస్తుంది, కానీ మనిషి ఒకచోట ఆగదు. ఒకసారి ఎవరో పెద్దమనిషి ప్యాంటు పొట్టి చేయమని ఇస్తే, ఒక కాలు కత్తిరించి కుట్టి, ఎవరో పిలిచారని లేచి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ అదే కాలు కత్తిరించింది. ఆయన వేసుకుని చూసుకుంటే ఒక కాలు పిక్కల మీద, రెండోది నేల మీద. ఇంట్లో కబుర్లు చప్పబడినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ప్యాంటు కథ బయటికి తీస్తారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని ఆమెకు తెలుసు.

తోడికోడలు, అంటే ఆ ఇంటి పెద్దకోడలు, అలా కాదు. పనికి వెళ్ళే తల్లులు పిల్లల్ని వదిలి వెళ్ళే క్రెష్‌లో ఆవిడ ఉద్యోగం. గదినిండా పిల్లలు ఒకేసారి గుక్కపెట్టి ఏడుస్తున్నా, ఎవడు ఆకలికి ఏడుస్తున్నాడో, ఎవడు పక్కవాణ్ణి చూసి ఏడుస్తున్నాడో అటు తిరిగి నిలబడే చెప్పేస్తుంది. ఇంటి వంట కూడా ఆవిడదే. చలి మొదలైందంటే పుట్టగొడుగుల సూప్ ఉండాల్సిందే. ఆ వాసనకు కింది వాటా వాళ్ళు ఏదో ఒక వంకతో పైకి వచ్చేవాళ్ళు, చేతిలో ఖాళీ గిన్నెతో.

ఆవిడకో పట్టుదల ఉండేది. వండుతూ వండుతూ రుచి చూడదు. "చెంచా పెట్టి నాకి చూసుకుంటే అది వంట కాదే, పరీక్ష," అనేది. ఉప్పు పిడికిలితో తీసి వేస్తుంది, చెయ్యి దులుపుకుంటుంది, అంతే. ఎన్నడూ తప్పిందిలేదు.

అయితే వంటిల్లు ఒకటి, ఆడవాళ్ళిద్దరు, ఉద్యోగాల వేళలు వేరు. ఒకరు పొయ్యి మీద పెట్టి వెళ్ళింది ఇంకొకరు దించాలి. మొదట్లో ఒకరోజు కూరలో ఇద్దరి ఉప్పూ పడేది, ఇంకోరోజు ఎవరిదీ పడేది కాదు. అప్పుడు పెద్దకోడలే ఓ పద్ధతి పెట్టింది. ఉప్పు వేసినవాళ్ళు గరిటెను మూత మీద బోర్లించాలి. వెయ్యకపోతే గరిటె వెల్లకిలా ఉండాలి. చెప్పుకోనక్కర్లేదు, ఫోన్లు చేసుకోనక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. "ఈ ఇంట్లో గరిటెకున్న విలువ నాకు లేదు," అనేవాడు మామగారు. "అది బోర్లా పడుకుంటే ఇంటిల్లిపాదీ నమ్ముతారు. నేను బోర్లా పడుకుంటే డాక్టరుకి ఫోన్ చేస్తారు."

జరిగిందేమిటంటే, పోయిన చలికాలంలో పెద్దకోడలి భర్త, అంటే హడావిడికి బావగారు, బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆఖరి డ్యూటీ దిగి, డిపోలో తనతో పనిచేసినవాళ్ళందరినీ ఇంటికి పిలుచుకొచ్చాడు. బయట జల్లు, ఈదురుగాలి. పెద్ద గిన్నె నిండా సూప్ కాచి, ఉప్పు వేసి, గరిటె బోర్లించి, వచ్చినవాళ్ళకు తువ్వాళ్ళు ఇవ్వడానికి ముందు గదిలోకి వెళ్ళింది పెద్దకోడలు.

హడావిడి అప్పుడే దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను. కోటు ఇంకా కాలేదేమని ఎవరో అవతల కేకలేస్తున్నారు. "రేపిస్తానండీ, కచ్చితంగా రేపే," అంటూ గరిటె తీసింది, మూత ఎత్తి సూప్ నాలుగు తిప్పులు తిప్పింది, మూత పెట్టింది, గరిటె దాని మీద పడేసింది. వెల్లకిలా. వెళ్ళి తడిసిన చీర మార్చుకుంది. తిరిగొచ్చి చూస్తే గరిటె వెల్లకిలా ఉంది. అయ్యో, అక్క ఉప్పు వెయ్యలేదు పాపం అనుకుని, పిడికిలి నిండా తీసి వేసింది. వేశాక బుద్ధిగా బోర్లించింది కూడా.

గిన్నెలు అందరి చేతుల్లోకీ వెళ్ళాయి. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే గదిలో మాట ఆగిపోయింది. తర్వాత ఒక కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "డ్రైవరు గారూ, ఇన్నేళ్ళూ ఊళ్ళన్నీ తిప్పారు, ఆఖరి రోజున ఏకంగా సముద్రంలో దింపారేమిటి సార్!"

గది గొల్లుమంది. పెద్దకోడలి మొహం పాలిపోయింది. అందరి ముందూ ఇటు తిరిగి అడిగింది. "చెల్లీ, నేను గరిటె బోర్లించలేదా?"

"వెల్లకిలా ఉందక్కా," అంది హడావిడి.

ఆ మాట అబద్ధం కాదు. వెల్లకిలాగే ఉంది. కానీ మాట నోటి నుంచి సగం వచ్చేసరికి, గరిటెను అలా పడేసింది ఎవరో ఆమె చేతికి గుర్తొచ్చింది. మిగతా సగం ఆపుకోవచ్చు. ఆపుకోలేదు. ప్యాంటు కథ అప్పటికే మొగుడి పెదాల మీదకు వచ్చేసింది, ఆమె చూసింది. గదినిండా పరాయివాళ్ళు. ఇంకొక్క నవ్వు, అంతే, ఆ ఒక్క నవ్వు తన మీద పడకూడదనుకుంది.

"అయితే నేనే మర్చిపోయాను," అంది పెద్దకోడలు.

వేరేవాళ్ళు ఆ మాటంటే అక్కడితో అయిపోయేది. కానీ ఈవిడ తల్లి చివరి రోజుల్లో అన్నీ మర్చిపోయింది. కుళాయి తిప్పి వదిలేసేది, వెలుగుతున్న పొయ్యిని వదిలి వీధిలోకి వెళ్ళిపోయేది, ఆఖరికి సొంత కూతుర్ని పట్టుకుని "నువ్వెవరమ్మాయివి?" అని అడిగింది. దగ్గరుండి అన్నీ చేసింది ఈవిడే. ఆ తల్లికి కూడా మొదట్లో ఇలాగే, కూరలో ఉప్పు రెండుసార్లు పడేదట. ఆ రాత్రి గిన్నెలు తోముతూ తనే చెప్పింది. హడావిడి పక్కనే నిలబడి గిన్నెలు తుడుస్తూ విన్నది. అప్పుడైనా చెప్పాల్సింది. తడిగుడ్డ పిండి ఆరేసి వెళ్ళి పడుకుంది.

రేపు చెబుదాంలే అనుకుంది. రేపటికి ఎల్లుండి వచ్చింది. ఈలోగా అక్క మారడం మొదలుపెట్టింది. వీధి మలుపు దాకా వెళ్ళి, మెట్లన్నీ మళ్ళీ ఎక్కి వచ్చి తాళం లాగి చూసుకునేది. గ్యాసు కట్టేశాక అక్కడే నిలబడి, కట్టేశాను, కట్టేశాను అని తనకు తాను చెప్పుకునేది. చూపుడువేలికి ఎర్రదారం చుట్టుకుంది, ఏదైనా గుర్తుంచుకోవాలంటే దాన్ని తడుముకోవడానికి. ఆ దారం కూడా హడావిడి దుకాణం నుంచి తెచ్చిన కండెలోదే.

"చెల్లీ, నేను ఉప్పు వేశానా?"

"వేశావక్కా."

"నువ్వు చూశావా?"

"చూశానక్కా."

ఇంట్లో మొట్టమొదటిసారి ఎవరో హడావిడిని నమ్మి అడుగుతున్నారు. ఆ అడగడం ఆమెకు బాగుండలేదంటే అబద్ధం. బాగుంది. కొన్నాళ్ళకు అడగడం కూడా మానేసి, వంటిల్లు మొత్తంగా చెల్లెలికి వదిలేసింది పెద్దకోడలు. గడప దాటి లోపలికి వచ్చేది కాదు. మామగారు బెల్టుకు ఇంకో చిల్లు పొడిపించుకున్నాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు, మర్యాదస్తుడు.

ఒకసారి ధైర్యం చేసి మొగుడికి చెప్పింది. ఆయన అంతా విని, అటు తిరిగి పడుకుంటూ, "పోనీలే, ఇప్పుడెందుకు కెలకడం? వదిన ఈపాటికి మర్చిపోయి ఉంటుంది," అన్నాడు. ఆయనకు తాను ఏమన్నాడో తెలియదు. ఆమె మాత్రం లేచి కూర్చుంది.

మళ్ళీ చలి వచ్చింది. ఒక ఆదివారం కిటికీ అద్దాలు మంచుతో మసకబారాయి. పెద్దకోడలు శాలువా కప్పుకుని ముందు గదిలో కూర్చుని మామూలు గొంతుతో చెప్పింది.

"రేపు క్రెష్‌లో చెప్పేస్తున్నానే, ఇక రానని."

"ఎందుకక్కా?"

"మొన్న పిల్లల్ని లెక్కపెడితే ఒకడు తగ్గాడు. ప్రాణం పోయింది. వీధిలోకి పరిగెత్తాను. తీరా చూస్తే వాడు నా చంకలోనే ఉన్నాడు."

మామగారు పకపకా నవ్వాడు. "అది అందరికీ జరిగేదేనమ్మా! నేను కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతకడం లేదూ?"

"మీరు వెతికేది కళ్ళజోడు మామయ్యా. నేను వెతికింది ఒకళ్ళ బిడ్డను." ఆవిడ వేలి దారం తిప్పుకుంటూ అంది. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. రేపు నిజంగానే ఎవరినైనా ఎక్కడైనా మర్చిపోతే? వద్దు. నా మీద నాకు నమ్మకం పోయింది."

హడావిడి లేచి నిలబడింది. చేతి సంచీ తీసుకుని, చెప్పులు కుడి ఎడమలు మార్చి వేసుకుని, మెట్లు దిగి బజారుకు పోయింది.

పుట్టగొడుగులు అమ్మే ఆవిడ కాగితం సంచీలో వేస్తూ, "కోట్లు కుట్టే అమ్మాయీ, చాన్నాళ్ళయిందే! మీ అక్క రావడంలేదేం?" అంది. ఆమె ఏదో గొణిగి వచ్చేసింది. దారంతా వాక్యాలు కూర్చుకుంది. అక్కా, నీకో మాట చెప్పాలి. అక్కా, ఆ రోజు ఏమైందంటే. ఏది మొదలుపెట్టినా చివరికి ఒకచోటే వచ్చి ఆగుతోంది. ఏడాదిగా నీ మొహం చూస్తూ ఊరుకున్నాను అన్న చోట.

సూప్ మొదలుపెట్టింది. అక్క చేసినట్టే చేయాలనుకుంది, అంటే ఆగి ఆగి. పుట్టగొడుగుల్ని నీళ్ళలో ముంచకుండా తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచింది. కాడలు సన్నగా తరిగింది, గొడుగులు పలచగా కోసింది. వెడల్పాటి మూకుడు పెట్టి వెన్న వేసి, కాగాక ముక్కలు వేసింది. అలవాటుగా చెయ్యి గరిటె మీదకు వెళ్ళింది.

"కలపకు!" ముందు గదిలోంచి అక్క కేక. "ఇరుకుగా వేశావు, సగం తీసెయ్. ఇరుకైతే ఉడుకుతాయే గాని వేగవు."

సగం తీసింది. కాసేపటికి ముక్కలు నీళ్ళు వదిలాయి. మంట పెంచబోయింది.

"పెంచకు. నీళ్ళు వదిలాయిగా, ఆ నీళ్ళు అవే మళ్ళీ తాగాలి. బుడబుడమంటున్నంత సేపూ చెయ్యి పెట్టకు. చప్పుడు మారుతుంది, విను. చిటపటమన్నాక తిరగెయ్."

హడావిడి చేతులు కట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. బుడబుడ మెల్లగా తగ్గింది, చిటపట మొదలైంది. ముక్కల అంచులు ఎర్రబడ్డాయి, వంటిల్లంతా కమ్మటి వాసన. గోడ అవతల కూర్చుని మూకుట్లో ఎన్ని నీళ్ళున్నాయో చెప్పే మనిషికి మతిమరుపట! ఆ జబ్బు అంటగట్టింది తను. అంటగట్టి, ఏడాదంతా పక్కనే కూర్చుని సేవ చేసినట్టు నటించింది. కళ్ళ వెంబడి నీళ్ళు కారుతుంటే ఉల్లిపాయలు ముందు తరుక్కోనందుకు తనను తాను తిట్టుకుంది. కనీసం వంకైనా ఉండేది.

మిగతా సగమూ వేయించింది. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి మగ్గనిచ్చింది. చెంచాడు మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా తిప్పింది. వేడినీళ్ళు పోసి మరగనిచ్చి, సగం తీసి మెత్తగా రుబ్బి మళ్ళీ అందులోనే కలిపింది. పాలు పోసి, మిరియాలు దంచి వేసి, పొయ్యి కట్టేసి మూత పెట్టింది. ఉప్పు వెయ్యలేదు.

"అక్కా, ఒకసారి రా."

పెద్దకోడలు గడప దగ్గరే ఆగింది. "ఏం కావాలి? చెప్పు, నేను లోపలికి రాను."

"రావద్దులే. చూడు చాలు." కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. హడావిడి గరిటె తీసి మూత మీద బోర్లించింది. "ఆ రోజు నేను వచ్చేసరికి ఇలా ఉంది." గరిటె ఎత్తి గాల్లో నాలుగు తిప్పులు తిప్పి, వెల్లకిలా పెట్టింది. "కలిపి, ఇలా పడేసింది నేను. చీర మార్చుకుని వచ్చి, నువ్వు వెయ్యలేదనుకుని మళ్ళీ వేసిందీ నేనే. నువ్వు అడిగినప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్పుడే గుర్తొచ్చింది. అందరూ నవ్వుతారని చెప్పలేదు. నువ్వేమీ మర్చిపోలేదక్కా."

పెద్దకోడలు గరిటె వైపు చూస్తూనే ఉంది. "అంటే నేను ఉప్పు వేశాను."

"వేశావు."

"గరిటె బోర్లించాను."

"బోర్లించావు."

"గుర్తుంది నాకు," అంది ఆవిడ చాలా మెల్లగా. "పిడికిలితో వేశాను, చెయ్యి దులుపుకున్నాను, బోర్లించాను. అన్నీ కళ్ళకు కట్టినట్టు గుర్తున్నాయి. నువ్వు వెల్లకిలా ఉందన్నావని, గుర్తున్నది కూడా నా భ్రమే అనుకున్నాను. అదే నన్ను భయపెట్టిందే. మర్చిపోవడం కాదు, జరగనివి గుర్తుంటున్నాయని భయపడ్డాను."

హడావిడి తల వంచుకుంది. తిడుతుందనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది. కానీ పెద్దకోడలు అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, ముందు చిన్నగా, తర్వాత పెద్దగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మామయ్యా! నాకేం లేదు! నాకేమీ లేదు మామయ్యా!"

"నాకు మాత్రం ఆకలుందమ్మా," అన్నాడాయన ముందు గదిలోంచి.

ఆ సంతోషం చూడటం కన్నా తిట్లు తినడం తేలికని హడావిడికి అప్పుడు తెలిసింది. ఏడాది పాటు ఆ మనిషి దగ్గర్నుంచి తను తీసేసుకున్నది ఇదన్నమాట.

"కత్తెర ఉందా?" అంది పెద్దకోడలు, వేలు ముందుకు చాపి. కొంగున ఎప్పుడూ వేలాడే చిన్న కత్తెరతో హడావిడి ఆ దారం తెంపింది. వేలి చుట్టూ తెల్లటి గాడి పడి ఉంది. హడావిడి దాన్ని తన బొటనవేలితో రుద్దింది, పోలేదు.

"ఏడాది," అంది పెద్దకోడలు, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. లేచి గడప దాటి లోపలికి వచ్చింది. "ఉప్పు వేశావా?"

"వెయ్యలేదక్కా."

ఆవిడ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. పిడికిలి బిగించింది. ఏమనుకుందో, ఆగింది. ఎడమచేత్తో చెంచా తీసి, మూత ఎత్తి, ఇంత సూప్ తీసుకుని ఊదుకుని నాలుక మీద వేసుకుంది. చప్పగా ఉందని నమ్మకం కుదిరాక, అప్పుడు వేసింది.

భోజనాల బల్ల దగ్గర హడావిడి అందరికీ తనే చెప్పింది. మొగుడు సూప్ ఊదుకుంటూ నవ్వాడు. బావగారు నుదురు కొట్టుకున్నాడు. "పోనీలేమ్మా, పాపం ఆ ప్యాంటు ఇన్నాళ్ళూ ఒంటరిగా ఉంది, తోడు దొరికింది," అన్నాడు మామగారు. మళ్ళీ నవ్వారు. గిన్నెలు ఖాళీ అయ్యేలోపే ఆ నవ్వు అయిపోయింది. ఇంతే. ఈ కాస్త నవ్వు తప్పించుకోవడానికే అదంతా. పెద్దకోడలు మాత్రం నవ్వలేదు, రెండోసారి సూప్ పోసుకుంది.

సోమవారం ఆవిడ క్రెష్‌కు వెళ్ళింది, మానేస్తానని చెప్పడానికి కాదు, మామూలుగా పనికి. తాళం ఒక్కసారే లాగి చూసుకుంది. వంటిల్లు మళ్ళీ ఆవిడ చేతిలోకి వచ్చింది. కింది వాటా వాళ్ళు ఖాళీ గిన్నెతో రావడం మొదలుపెట్టారు. మామగారి బెల్టు పాత చిల్లుకు చేరింది. తోడికోడళ్ళిద్దరూ ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తారు, కబుర్లాడుకుంటారు. ఆ సంగతి ఆవిడ ఒక్కనాడూ ఎత్తలేదు.

గరిటె పద్ధతి కూడా అలాగే ఉంది. ఆవిడకు ఆలస్యమైన రోజు హడావిడే వండుతుంది. తొందరపడకుండా ఉప్పు వేసి, గరిటె బోర్లించి, బోర్లించానా అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ముందు గదిలోకి వచ్చి కుట్టుపని చేతిలోకి తీసుకుంటుంది. పెద్దకోడలు వస్తుంది. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళుతుంది. మూత మీద గరిటె బోర్లా ఉండడం చూస్తుంది. చూసి, మూత తీస్తుంది. గిన్నె అంచుకు చెంచా తగిలిన చిన్న చప్పుడు. ఊదుకున్న చప్పుడు.

"సరిపోయిందే," అంటుంది బయటికి వచ్చి, నవ్వుతూ. నిజంగానే నవ్వుతుంది.

హడావిడి సూదిని గుడ్డలోనే ఆపి, అలాంటి ప్రతి సాయంత్రం ఆ చెంచా చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది, ఈరోజన్నా అది వినపడకుండా ఉంటుందేమో అని. ఇప్పటిదాకా వినపడుతూనే ఉంది.